విరాసత్ పెట్టే ముందు

హనుమకొండ

అల్లుడా,

మీ నాయన పెద్దకర్మ నాడు పందిట్లనే మీ చిన్నాయన "విరాసత్ ఎప్పుడు పెడ్తున్నవు" అని, అంటే భూమి పట్టా వారసుల పేర్లకు మార్చే దరఖాస్తు గురించి, అడిగిండు. నువ్వు నా దిక్కు చూసినవు. అంతమందిల చెప్పే మాట కాదని ఊకున్న. గిర్దావర్‌గ అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌గ ఇసొంటి ఫైళ్లు మస్తు చూసిన, అందుకే రాస్తున్న.

ముందుగాల మరణ ధ్రువపత్రం. బావ పోయింది వరంగల్ దవాఖానల గనక మీ పంచాయతీ కార్యదర్శి ఇయ్యడు, కార్పొరేషన్‌ల తీసుకోవాలె. 21 రోజుల్లోపు నమోదైతే తిప్పలుండది. ఆధార్‌ల బావ ఇంటిపేరు ఉన్నది, పాస్‌బుక్కుల లేదు. తేడా ఎక్కడుందో ఇప్పుడే చూసుకో, తహసీల్ ఆఫీసుల దాని మీదనే ఆపుతరు.

తర్వాత మీసేవల ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు పెట్టు. అండ్ల నలుగురి పేర్లు రావాలె. నువ్వు, మీ అమ్మ, మీ చెల్లె అని ముగ్గురినే లెక్కపెట్టినవు. మీ నాయనమ్మను మరిచినవు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం విల్లు రాయకుండ పోయిన మొగోని సొంత ఆస్తి పెండ్లానికి, కొడుకులకు, బిడ్డలకు, కన్నతల్లికి సమానం. బావ కొన్న మూడెకరాలు తలా ముప్పై గుంటలు. ఆ ముసలామె వాకిట్ల మంచం మీద కూసోని కొడుకు అంగీ మడత పెడ్తనే ఉన్నది, ఆమె కూడ హక్కుదారేనని ఒక్కరికీ యాదికి రాలే. ఇగ, చెల్లెకు కట్నమిచ్చినం కదా అనే మాట చట్టం ముందు నడవది.

ప్రొబేట్, అంటే విల్లు నిజమైందని కోర్టు వేసే ముద్ర, కావాలని ఎవరో చెప్పిన్రట. విల్లే లేనప్పుడు ప్రొబేట్ ఎక్కడిది? విల్లు ఉన్నా ఆ నిర్బంధం బొంబాయి, మద్రాసు, కలకత్తాల దిక్కే ఉండె, మనకు లేకుండె. నామినీ లేని డిపాజిట్టుకు బ్యాంకు పట్టుబడితేనే సివిల్ కోర్టుల సక్సెషన్ సర్టిఫికెట్‌కు పోవాలె. నామినీ ఉంటే పైసలు ఆయన చేతికిస్తరు, గని అవి వారసులందరివి. బావ ఏటీఎం కార్డు నీ దగ్గరున్నదని అక్క చెప్పింది. దాంతోని ఒక్క రూపాయి తియ్యకు. రైతుబీమాల పేరుంటే 5 లక్షలు వస్తయి, బావకు యాభై ఏడే కదా, వ్యవసాయ విస్తరణ అధికారిని (ఏఈవో) కలువు. ఎరువుల దుకాణపాయన అప్పని మీదికొస్తే భయపడకు, బావ ఆస్తి మేరకే మీ బాధ్యత. ముందు చీటీలు చూపమను.

భూమి రికార్డులకు ధరణి పోయి 2025ల భూభారతి వచ్చింది. విరాసత్ పెడితే తహసీల్దారు వారసులకు నోటీసులిచ్చి, విచారణ చేసినంకనే పట్టా మారుస్తడు. చెల్లె తన వాటా వద్దంటే హక్కు విడుదల పత్రం రిజిస్టర్ చేయించాలె. ఉత్త స్టాంపు కాగితం మీద సంతకం చెల్లది.

మా నాయన పోయినప్పుడు ఆ పని చేసింది నేనే. అప్పటికే గిర్దావర్‌ను, తెలిసే చేసిన. పదకొండో నాడు మీ అమ్మ పరకాల బస్సుకు బట్టలు సర్దుకుంటున్నది. నేను కాగితం పట్టుకపోయిన. 'ఏందిరా ఇది' అని కూడ అడగలే. సంచి మోకాళ్ల మీద పెట్టుకొని, దాని మీదనే సంతకం చేసింది. పెన్ను రాయకపోతే రెండోసారి దిద్దింది. ఆ చేన్ల మిర్చి ఏటా ఎనుమాముల మార్కెట్టుకు పోతనే ఉన్నది, ఒక్క బస్తా పైసలు అక్కకు ఇయ్యలే.

విరాసత్‌కు తొందరపడకు. నెలమాసికం కానీ. చెల్లెను ఇంటికి పిలిచి, నాయనమ్మను కూడ కూసోబెట్టి, నలుగురు మాట్లాడుకోండి. దరఖాస్తు పెట్టే రోజు నేనొస్త. ఆ పాత కాగితం నా బీరువల ఉన్నది, అది కూడ పట్టుకొస్త. మీ అమ్మకు ముందుగాల చెప్పకు.

మీ మామ