నాన్నగారికి వినికిడి తగ్గింది, ఆటోమేటిక్ క్యాప్షన్లు నమ్మొచ్చా?

నాన్నగారికి చెవులు బాగా మందగించాయి, వీడియోల కింద దానంతటదే వచ్చే క్యాప్షన్లు ఆయనకి సరిపోతాయా అని అడిగారు. నాకు రెండు చెవులకీ మిషన్లే, క్యాప్షన్ లేకుండా ఏదీ చూడను. నన్నడిగితే, ఆయనకి ఇంకా ఎంత వినపడుతోందో దాన్నిబట్టి ఉంటుందండీ.

కాస్తోకూస్తో వినపడితే ఇబ్బంది లేదు. సగం మాట చెవికి అందుతుంది, మిగతాది కింద చదువుకుంటాం. క్యాప్షన్ తప్పు పడినా చెవి పట్టేస్తుంది. బొత్తిగా వినపడనివాళ్లకి ఆ ఆసరా లేదు, తెర మీద ఏది పడితే అదే నమ్మాలి. పిచ్చి తప్పులతో భయం లేదు, చూడగానే తెలిసిపోతాయి. సరిగ్గా ఉన్నట్టు కనిపించేవే కొంప ముంచుతాయి. ఓ ఆరోగ్య వీడియోలో డాక్టరుగారు 'పరగడుపున వేసుకోవద్దు' అంటుంటే కింద 'వేసుకోవచ్చు' అని పడింది. ఆయన చెయ్యి అడ్డంగా ఊపుతున్నారు కాబట్టి అనుమానమొచ్చి, వెనక్కి జరిపి సౌండు పెంచి విన్నాను. వర్డ్ ఎర్రర్ రేట్ అని, నూటికి ఎన్ని మాటలు తప్పు పడ్డాయో చెప్పే ఒక కొలత ఉంది, క్యాప్షన్లు రాసే సాఫ్ట్‌వేర్లకి ఎక్కువగా మార్కులేసేది దాంతోనే. అందులో ఇదీ ఒక తప్పే, ఎక్కడో 'అండీ' ఎగిరిపోయినా ఒక తప్పే! అందుకే నూటికి ఇన్ని మాటలు కరెక్ట్ అనే ప్రకటనల్ని నేను పెద్దగా పట్టించుకోను.

ఎవరు మాట్లాడుతున్నారో కూడా ఆటోమేటిక్ క్యాప్షన్లు సాధారణంగా చెప్పవు. మనిషి కూర్చుని రాసిన క్యాప్షన్లో పక్కగదిలో ఏడుపు, తలుపు చప్పుడు కూడా ఉంటాయి. సెట్టింగుల్లో 'ఆటో' అని లేని క్యాప్షన్ ట్రాక్ ఉంటే ముందు అదే పెట్టండి.

కొన్ని దేశాల్లో లైవ్ వార్తలకి రీస్పీకింగ్ అనే పద్ధతి వాడతారు. ఒకరు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, విన్నదాన్ని కామా, ఫుల్‌స్టాప్‌లతో సహా తన గొంతుతో మైకులో తిరిగి పలుకుతారు. ఆ పలికినదాన్ని సాఫ్ట్‌వేర్ క్యాప్షన్లుగా మారుస్తుంది. దానికి ఆ గొంతు అలవాటే, గదిలో వేరే రొద ఉండదు. దాంతో తప్పులు తగ్గుతాయి. కొన్ని సెకన్లు ఆలస్యం మాత్రం తప్పదు. లైవ్‌లో జోకు పడితే ఇంట్లో అందరూ నవ్వడం అయ్యాక నేను మొదలుపెడతాను.

ఇంట్లో మాటలకైతే ఆండ్రాయిడ్ ఫోన్లో గూగుల్ లైవ్ ట్రాన్స్‌క్రైబ్ అనే యాప్ పెట్టి చూడండి, ఎదుటివాళ్ల మాటల్ని అప్పటికప్పుడు తెర మీద అక్షరాలుగా చూపిస్తుంది. 2019లో వచ్చింది, ఉచితం, తెలుగు కూడా ఎంచుకోవచ్చు. తప్పులు ఎక్కువగా వస్తుంటే యాప్ మార్చకండి, ముందు ఫోన్ జరపండి. ఆయన చేతిలో కాదు, మాట్లాడేవాళ్ల ముందు ఉండాలి. ఫ్యాన్ గాలి నేరుగా మైకుకి తగలకూడదు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఏ యాప్ అయినా చేతులెత్తేస్తుంది, ఇంట్లోవాళ్లకి ఆ ఒక్కటి అలవాటు చేయడమే కష్టం. అక్షరాల సైజు పెంచి, నల్ల తెర మీద తెల్ల అక్షరాలు పెట్టండి. మందుల మోతాదు, డబ్బు లెక్కల దగ్గర మాత్రం ఎదుటివాళ్ల చేత కాగితం మీద రాయించుకోమనండి.