ఎన్నారై సందేహాలు: నేరేడుపండు చీర ప్రింటులో నీలమెందుకైంది?

సందేహం: అన్నా, మాది కడప. ఎమ్మెస్ కోసం డాలస్ వచ్చి 8 నెలలైంది. ఫొటోలు తీయడం, లైట్‌రూమ్‌లో దిద్దుకోవడం నాకు పిచ్చి. ఇక్కడ మనవాళ్ల సీమంతాలు, పుట్టినరోజులకు ఫొటోలు తీసి నాలుగు డబ్బులు వెనకేసుకుందామని ఉంది. ముందు మానిటర్ కాలిబ్రేషన్ పరికరం (స్క్రీను రంగులు కొలిచి సరిచేసేది) కొనుక్కో అంటున్నారు. చూస్తే సుమారు 120 డాలర్ల నుంచి 300 దాటేదాకా ఉన్నాయి. ఏది కొనాలి? అసలు కొనాలా?

జవాబు: తమ్ముడూ, మాది ప్రొద్దుటూరు. న్యూజెర్సీ వచ్చి పదిహేనేళ్లయింది. ముందు నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్తా. నీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది.

మా చెల్లెలి పెళ్లికి ఊరెళ్లినప్పుడు ఫొటోలు నేనే తీశా. తిరిగొచ్చాక రోజూ రాత్రి పిల్లలు పడుకున్న తర్వాత ల్యాప్‌టాప్ ముందేసుకుని 3 వారాలు దిద్దా. ఫైళ్లు పంపిస్తే ఊళ్లోనే ఒక ల్యాబ్‌లో 200 ప్రింట్లు వేయించారు. చెల్లెలు వీడియో కాల్‌లో ఒక్కో ప్రింటూ ఎత్తి చూపిస్తుంటే నాకు చెమటలు పట్టాయి. మా అమ్మ ధర్మవరం పోయి ఏరికోరి తెచ్చిన నేరేడుపండు రంగు పట్టుచీర, స్కూలు యూనిఫాం నీలంలోకి తిరిగిపోయింది. ముఖాలు చూస్తే దీపం ఆర్పేసిన ఇంట్లో తీసినట్టున్నాయి. హారమైతే ఇత్తడి. ల్యాబ్ ఆయనకు ఫోన్ చేసి గట్టిగానే అరిచా. ఆయన నిదానంగా, "నిన్న ఇదే మిషన్లో వేసిన పెళ్లి ఫొటోలు బాగానే వచ్చినాయన్నా. మీ ఫైలే అట్లుంది. ఒకసారి మీ స్క్రీను చూసుకోండి" అన్నాడు.

ఆయన చెప్పిందే నిజం. నా ల్యాప్‌టాప్‌లో నైట్ లైట్ పొద్దుగూకగానే దానంతటదే ఆన్ అయ్యేది. స్క్రీనంతా పసుపు, ఎరుపు కలిసిన వెలుగు. కళ్లు సగం దానికి అలవాటుపడ్డాయి, మిగతా సగం నేను స్లైడర్ తిప్పి సరిచేశా. నేరేడులోంచి ఎరుపు లాగేస్తే మిగిలేది నీలమే కదా. పైగా బ్రైట్‌నెస్ నూటికి నూరు పెట్టుకున్నా. ఫొటో మరీ తెల్లగా కనిపిస్తోందని ఎక్స్‌పోజర్ తగ్గించుకుంటూ పోయా. కాగితానికి సొంత వెలుగుండదు, అక్కడ చీకటే మిగిలింది.

కాబట్టి మొదటి పనికి పైసా ఖర్చు లేదు. నైట్ లైట్, మ్యాక్ అయితే ట్రూ టోన్, నైట్ షిఫ్ట్, ఆటోమేటిక్ బ్రైట్‌నెస్ అన్నీ ఆపెయ్. కిటికీ వెలుగు స్క్రీను మీద పడకుండా కూర్చో. పక్కన ఒక తెల్లకాగితం పెట్టుకుని, స్క్రీను మీది తెలుపు దాని కంటే మరీ మిరుమిట్లు గొలపకుండా బ్రైట్‌నెస్ దించు. చీకటి ప్రింట్ల బాధ చాలామటుకు ఇక్కడే తీరుతుంది.

రంగు సంగతి మాత్రం కంటికి తేలదు. ఏ తెలుపు చూపించినా కాసేపటికి అదే తెలుపని కన్ను ఒప్పేసుకుంటుంది. అందుకే పరికరం. బంగారం అంగళ్ల ఊరివాణ్ని కదా, నాకు గీటురాయే గుర్తొస్తుంది. సాఫ్ట్‌వేర్ ఫలానా ఎరుపు, ఫలానా బూడిద రంగు అని స్క్రీను మీద చూపిస్తుంది. వచ్చిందెంతో పరికరం కొలుస్తుంది. తేడాను సాఫ్ట్‌వేర్ ఐసీసీ ప్రొఫైల్ అనే చిన్న ఫైలులో రాసిపెడుతుంది, దాన్ని చూసి కంప్యూటర్ స్క్రీను రంగులు సరిచేసుకుంటుంది. నీ ఫొటో ఫైలును అది ముట్టుకోదు.

ఇక ఏది కొనాలి? నీకు కావాల్సింది కలరీమీటర్, అంటే స్క్రీను మీది రంగు కొలిచే పరికరం. డేటాకలర్ వాళ్ల స్పైడర్ ఒకటి, కాలిబ్రైట్ వాళ్ల డిస్‌ప్లే వరస ఇంకోటి. రెండోది ఇదివరకు ఎక్స్‌రైట్ పేరుతో వచ్చేది, 2021 నుంచి కాలిబ్రైట్. రెండింటిలో ఏది గొప్పదని కొట్టుకోవడం అనవసరం. మామూలుగా అన్నిటికంటే చవక మోడల్‌లో తెలుపు, గామా (నడిమి ఛాయలు ఎంత వెలుగ్గా కనిపించాలో చెప్పే లెక్క), బ్రైట్‌నెస్ ఎంతుండాలో అదే నిర్ణయిస్తుంది. నడిమి మోడల్‌లో నువ్వు ఎంచుకోవచ్చు. ప్రింటు వేయిస్తావు కాబట్టి ఆ వెసులుబాటు కావాలి, నడిమిది తీసుకో. పైమోడల్‌కు ఎక్కువ పెట్టేముందు తేడా దేంట్లో ఉందో చదువు. స్పైడర్‌ఎక్స్‌లో ప్రో, ఎలైట్ రెండింటి పరికరమూ ఒకటే, తేడా అంతా సాఫ్ట్‌వేర్‌లోనే. 500 డాలర్ల పైమాటగా ఉండే స్పెక్ట్రోఫొటోమీటర్ జోలికి పోవద్దు. సొంత ప్రింటర్ పెట్టుకుని కాగితం కాగితానికీ ప్రొఫైల్ చేసుకునేవాళ్లకు అది.

పాతది చవకగా దొరికిందని స్పైడర్ 2, స్పైడర్ 3 కొనకు. వాటి ఫిల్టర్లు ఏళ్లు గడిచేకొద్దీ వెలిసిపోతాయి, వెలిసిన గీటురాయితో ఏం పరీక్షించేది? ఎక్స్‌రైట్ ఐ1డిస్‌ప్లే ప్రో అయితే పాతదైనా ఆలోచించొచ్చు, దాని ఫిల్టర్లు గాజువి. ఆర్గిల్‌సీఎంఎస్ అనే ప్రోగ్రాం మీద నడిచే డిస్‌ప్లేకాల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దాంతో పనిచేస్తుంది. ఇండియా పట్టుకెళ్తే పనిచేస్తుందా అని అడుగుతారు కొందరు. యూఎస్‌బీ తీగతో నడిచేదే, మిక్సీలాగా 110, 230 వోల్టుల గొడవ లేదు.

నిజానికి నెలకోసారి పావుగంట పని. మా వీధిలో 4 ఇళ్లకు కలిపి ఒకటే ఉంది, ఇడ్లీపాత్ర తిరిగినట్టు తిరుగుతుంది. అట్లా పంచుకునేటట్టయితే సాఫ్ట్‌వేర్ లైసెన్స్ ఎన్ని కంప్యూటర్లకు వర్తిస్తుందో ముందే చూసుకోండి. రేపు ఉద్యోగమొచ్చాక ఆఫీసు ల్యాప్‌టాప్ మీద మాత్రం ప్రయత్నించకు, అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది, ఐటీ వాళ్లకు ఏమని చెప్తావు?

ఇంకో మాట. చవక టీఎన్ ప్యానెల్ (పక్కనుంచి చూస్తే రంగు మారిపోయే రకం స్క్రీను) ల్యాప్‌టాప్ అయితే పరికరం డబ్బుతో మొదట ఒక ఐపీఎస్ (ఎటునుంచి చూసినా రంగు పెద్దగా మారని రకం) మానిటర్ కొను. స్క్రీనుకు చేతకాని రంగును కాలిబ్రేషన్ తెచ్చిపెట్టలేదు.

చేసే రోజున మానిటర్‌ను అరగంట ముందే ఆన్ చేసి ఉంచు. స్క్రీనును కాస్త వెనక్కి వాల్చి, పరికరం అద్దానికి అంటుకుని ఉండేలా వేలాడదియ్యి, సందులోంచి వెలుగు దూరకూడదు. సాఫ్ట్‌వేర్ అడిగినప్పుడు నీ ప్యానెల్ రకం సరిగ్గా చెప్పు. తెలుపు డీ65 (పగటి వెలుగులాంటి తెలుపు), గామా 2.2, బ్రైట్‌నెస్ 100 కాండెలాల (స్క్రీను వెలుగు కొలత) దగ్గర పెట్టు. పూర్తి వెలుగులో 300 దాకా పోయే ల్యాప్‌టాప్‌లు చాలా ఉన్నాయి, నా చీకటి ప్రింట్లకు కారణం అదే. అయిపోయాక స్క్రీను పాచిపట్టినట్టు పసుప్పచ్చగా కనిపిస్తుంది. కంగారుపడి వెనక్కి మార్చకు. అన్నాళ్లూ నీలం తెలుపుకు అలవాటుపడ్డావంతే, 2 రోజులు ఓర్చుకో.

ఊరికి పంపే ఫైళ్లు ల్యాబ్ వాళ్లు వేరే ఏదీ అడక్కపోతే ఎస్‌ఆర్‌జీబీ (ఎక్కువమంది వాడే మామూలు రంగుల పరిధి) జేపెగ్‌లో ఇవ్వు. అంతకంటే పెద్ద పరిధి ఉన్న అడోబీ ఆర్‌జీబీలో పంపితే, దాన్ని పట్టించుకోని మిషన్లో రంగులు వెలవెలబోతాయి. 200 వేయించేముందు నాలుగే నాలుగు వేయించి, చీర పక్కన పెట్టి చూడమను. అప్పుడైనా పడుగు ఒక రంగు, పేక ఒక రంగు ఉండే డబుల్ షేడ్ చీరలతో జాగ్రత్త. అవి కదిలితే రంగు మారతాయి, వాటిని ఏ పరికరమూ పట్టలేదు. అమ్మ ఫోన్‌లో వాట్సాప్ ఫొటో ఎట్లా కనిపిస్తుందో అదీ మన చేతిలో లేదు.

నాలుగు డబ్బుల సంగతి మర్చిపోలేదు. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉండి సీమంతాలకు డబ్బు తీసుకుని ఫొటోలు తీస్తే అది అనుమతి లేని పనికిందికి వస్తుంది. చేతికి నగదు ఇచ్చారని తప్పేమీ ఒప్పైపోదు. హెచ్-1బీ ఉద్యోగ వీసా వచ్చాకా ఇట్లాంటి పక్క సంపాదన కుదరదు. ప్రస్తుతానికి స్నేహం కొద్దీ ఊరికే తీసిపెట్టు. భోజనం ఎటూ పెడతారు, మిగిలింది డబ్బాలో కట్టిస్తారు కూడా.