హైలాండ్స్‌కి బయలుదేరుతున్న చిన్నాకి

చిన్నా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్లాన్ నైట్ డ్యూటీ నుంచి వచ్చాక కూర్చుని మొత్తం చూశాను. బాబాయికి కూడా చదివి వినిపించాను. పరీక్షలు అయిపోయాయి, డిసర్టేషన్ మొదలుపెట్టేలోపు నాలుగు కొండలూ నాలుగు సరస్సులూ చూసి రావాలనుకోవడం మంచి ఆలోచన. గ్లాస్గో వచ్చి ఎనిమిది నెలలైనా లైబ్రరీ, పార్ట్‌టైమ్ ఉద్యోగం, వంటగది తప్ప నువ్వు ఈ దేశంలో ఏమీ చూడలేదని నాకూ బాధగానే ఉంది. వెళ్ళి రండి. కానీ ఈ ప్లాన్‌తో మాత్రం వద్దు.

మూడు రోజుల్లో నార్త్ కోస్ట్ 500, అంటే స్కాట్లాండ్ ఉత్తర తీరం చుట్టూ తిరిగే రోడ్డు, చుట్టి వస్తామని రాశారు. ఆ రోడ్డే 516 మైళ్ళు. అది మొదలయ్యేది ఇన్వర్నెస్‌లో. గ్లాస్గో నుంచి అక్కడికి 170 మైళ్ళు, మళ్ళీ వెనక్కి ఇంకో 170. మొత్తం 850 మైళ్ళ పైనే. ఫోన్ చూపించిన గంటలు కూడుకుని సరిపోతుందనుకుని ఉంటారు. ఎదురొచ్చే క్యారవాన్‌కి దారి ఇవ్వడానికి ఆగే సమయం ఆ గంటల్లో ఉండదు. రోడ్డు మధ్యలో పడుకున్న గొర్రె లేచేదాకా ఆగే సమయం ఉండదు. మీలో ఎవరో ఒకరు 'అబ్బ, ఒక్క నిమిషం ఆపరా' అన్నప్పుడు ఆపే సమయం అసలే ఉండదు. ఆపలేకపోతే ఇంక వెళ్ళడం ఎందుకు?

నా మాట విని ఇలా చెయ్యండి. మొదటి రోజు ఏ82 రోడ్డు మీద లోఖ్ లోమండ్ ఒడ్డునే పైకి వెళ్ళి, టిండ్రమ్ దాటి, రానోఖ్ మూర్ అనే పెద్ద బీడు మీదుగా గ్లెన్‌కో చేరండి. రెండు రాత్రులూ ఒకే చోట పడుకోండి. గ్లెన్‌కోలోనూ గ్లెన్ నెవిస్‌లోనూ యూత్ హాస్టళ్ళు ఉన్నాయి, వంట చేసుకోవచ్చు, మంచాలు మాత్రం ఇవాళే బుక్ చేసుకోండి. రెండో రోజంతా ఆ చుట్టుపక్కలే. మూడో రోజు ఫోర్ట్ విలియమ్ నుంచి లోఖ్ లాగన్ పక్కగా ఏ86 పట్టుకుని, పిట్లోక్రీ మీదుగా ఏ9లో ఇంటికి. మొత్తం కలిపి దాదాపు 350 మైళ్ళు. లోఖ్ అంటే సరస్సని నీకు తెలుసుగా. చాలామంది 'లాక్' అంటారు. నువ్వు మన 'ఖ'తో పలుకు, ఇక్కడి పెద్దవాళ్ళు ముచ్చటపడతారు.

కారు సంగతి. మీరు ఆరుగురు, తీసుకునేది అయిదు సీట్ల బండి, 'సర్దుకుంటాం పిన్నీ' అన్నావు. సర్దుకోవడానికి ఇక్కడ వీల్లేదు. మనిషికో సీటు, సీటుకో బెల్టు. ఒక్క మనిషి ఎక్కువైనా ఇన్సూరెన్స్‌తో గొడవ. ఏడు సీట్ల బండి తీసుకోండి, కాస్త ఖర్చయినా సరే. మన లైసెన్సు ఇక్కడ స్థిరపడిన రోజు నుంచి పన్నెండు నెలలు చెల్లుతుంది కాబట్టి నీకు ఇబ్బంది లేదు. అయితే అద్దె కాగితం మీద ఎవరి పేరు ఉంటే వాళ్ళే నడపాలి. ఇద్దరి పేర్లు రాయించండి. ఇరవై అయిదేళ్ళ లోపు వాళ్ళకి అదనంగా వసూలు చేస్తారు, డిపాజిట్‌కి చాలాచోట్ల క్రెడిట్ కార్డే అడుగుతారు, డెబిట్ కార్డుతో వెళ్ళి కౌంటర్ దగ్గర నిలబడిపోకండి. తాళాలు తీసుకోగానే బండి చుట్టూ తిరిగి ప్రతి గీతకీ ఫొటో తీసుకో.

పెట్రోలు మనమే కొట్టుకోవాలి. ఆకుపచ్చ గొట్టం పెట్రోలు, నల్లది డీజిల్. ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది నేను అద్దె డీజిల్ కార్లో పెట్రోలు కొట్టి, అది తెలియక స్టార్ట్ చేసి, అర మైలు పోయాక ఆగిపోయాను. ఆ నెల జీతంలో సగం దానికే పోయింది. పొరపాటున కొట్టినా స్టార్ట్ మాత్రం చెయ్యకు, అక్కడే ఆపి ఫోన్ చెయ్యి. టిండ్రమ్‌లో బంకు ఉంది, కాఫీ, బాత్రూమ్ అన్నీ అక్కడే కానిచ్చుకోండి. ఆ తర్వాత మూర్ మొదలవుతుంది, చాలా దూరం ఏమీ ఉండదు.

మనకిలాగే ఎడమవైపు నడపడం కాబట్టి తేలికే అనుకుంటారు. మన పిల్లలు పొరపడేది సరిగ్గా అక్కడే. మన ఊళ్ళో ఎదుటి బండి లైట్లు కొడితే 'నేను వస్తున్నా, తప్పుకో' అని. ఇక్కడ సన్న రోడ్ల మీద లైట్లు కొడితే 'నేను ఆగాను, నువ్వు రా' అని. పూర్తిగా తలకిందులు. ఇది తెలియక ఇద్దరూ ఆగిపోవడమో, ఇద్దరూ ముందుకు రావడమో జరుగుతుంది. ఒంటి వరస రోడ్లలో పాసింగ్ ప్లేస్ అని బోర్డులుంటాయి. అది నీ ఎడమవైపు ఉంటే అందులోకి తప్పుకో. కుడివైపు ఉంటే దానికి ఎదురుగా నీ వైపే ఆగు, ఎదుటివాళ్ళు అందులోకి తప్పుకుంటారు. దారి ఇచ్చినవాళ్ళకి చెయ్యెత్తాలి, అది ఇక్కడి మర్యాద. ఫొటో కోసం అందులో బండి పార్క్ చెయ్యకూడదు. వెనక నాలుగు బండ్లు పోగైతే ఆగి వాళ్ళని పోనివ్వు. హారన్ మర్చిపో.

లోఖ్ లోమండ్ పక్కన టార్బెట్ దాటాక రోడ్డు ఇరుకైపోతుంది. ఒకవైపు బండరాళ్ళు, ఇంకోవైపు నీళ్ళు, ఎదురుగా టూరిస్టు బస్సు. మారేడుమిల్లి ఘాట్ రోడ్డు ఎక్కినట్టు ఎక్కు, తొందరపడకు. తెల్ల బోర్డు మీద నల్లగీత ఉంటే అరవై మైళ్ళ దాకా వెళ్ళనిస్తారు, అంతేగాని అరవైలో వెళ్ళమని కాదు. ఏ9 మీద సగటు వేగం లెక్కకట్టే కెమెరాలున్నాయి, ఒకచోట తగ్గించి ఇంకోచోట తొక్కితే దొరికిపోతారు. చేతిలో ఫోన్ పట్టుకుంటే 200 పౌండ్ల జరిమానా, లైసెన్సు మీద ఆరు పెనాల్టీ పాయింట్లు. నడిపేవాళ్ళ ఒంట్లో మందు ఎంత దాకా ఉండొచ్చనే హద్దు స్కాట్లాండ్‌లో ఇంగ్లాండ్ కంటే తక్కువ. మీలో ఎవరైనా తాగుతారో లేదో నేను అడగను. నడిపేవాడు మాత్రం ముందు రాత్రి కూడా ముట్టుకోకూడదు.

మేలో గొర్రెలకి పిల్లలుంటాయి. తల్లి ఒకవైపు, పిల్ల ఇంకోవైపు కనిపిస్తే ఆ పిల్ల కచ్చితంగా నీ బండి ముందుకే పరిగెడుతుంది, ముందే నెమ్మదించు. రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది కదా, ఇంకా పొద్దుందని నడుపుతూ పోతారు. పొద్దున ఆరింటికి లేచిన ఒంటికి రాత్రి తొమ్మిది తొమ్మిదే. సాయంత్రం ఆరున్నరకల్లా తాళాలు లోపల పెట్టెయ్యండి.

ఇంక నేను అసలు చెప్పాలనుకున్నది.

మీ బాబాయి గోదావరిలో ఈత నేర్చుకున్నవాడు. కొవ్వూరు వైపు నుంచి ఇవతలికి ఈదిన రోజులున్నాయని మీ తాతయ్య చెప్పేవారు. మేం వచ్చిన రెండో ఏడు, ఇలాగే మే నెలలో, కాలండర్ అనే ఊరు దాటి లోఖ్ లుబ్‌నెగ్ దగ్గరికి ఇంకో కుటుంబంతో వెళ్ళాం. ఎండ బాగా కాస్తోంది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి, అవతలి కొండ తలకిందులుగా కనిపిస్తోంది. వాళ్ళ పాప చెప్పు ఒకటి నీళ్ళలో పడి మెల్లగా లోపలికి పోతోంది. బాబాయి ప్యాంటు మడిచి దిగాడు. మోకాళ్ళ లోతు. ఇంకో అడుగు, నడుం లోతు. ఆ తర్వాతి అడుగుకి నేల లేదు. తల మునిగి పైకొచ్చింది. నోరు తెరుచుకుని ఉంది, అందులోంచి మాట రావడంలేదు. నావైపే చూస్తున్నాడు, పిలవలేకపోతున్నాడు. అంత ఈతగాడికి చేతులు ఆడలేదు. పక్కన చేపలు పట్టుకుంటున్న ముసలాయన గాలం కర్ర చాపి, అరుస్తూ, పట్టుకోమని చెప్పి లాగాడు. మొత్తం కలిపి ఒక నిమిషం పట్టిందేమో. ఒడ్డున పడుకోబెట్టి ఆ వణుకుతున్న చేతులు నా చేతుల్లో పట్టుకున్నప్పుడు గోళ్ళు నీలంగా ఉన్నాయి. ఎండ మాత్రం అలాగే కాస్తోంది.

తర్వాత నర్సుగా నేర్చుకున్నాను, దాన్ని కోల్డ్ వాటర్ షాక్ అంటారని. నీళ్ళు పదిహేను డిగ్రీల కంటే చల్లగా ఉంటే, ఒళ్ళు ఒక్కసారి మునగగానే మన ప్రమేయం లేకుండా పెద్ద ఊపిరి లోపలికి లాగేస్తాం. ఆ క్షణంలో నోరు నీళ్ళలో ఉంటే అంతే. తర్వాత ఊపిరి ఎగదన్నుతుంది, గుండె దడదడలాడుతుంది, చేతులు మొద్దుబారతాయి. ఈత వచ్చా రాదా అనేదానితో దీనికి సంబంధం లేదు. మేలో ఈ లోఖ్‌లు అంతకంటే చాలా చల్లగా ఉంటాయి. పైన ఎండ చూసి నీళ్ళని అంచనా వెయ్యకు. లోఖ్ నెస్ లోతు 230 మీటర్లు, లోమండ్ లోతు 190. చాలాచోట్ల ఒడ్డు మన చెరువు గట్టులా మెల్లగా దిగదు, మెట్టు విరిగినట్టు ఒక్కసారే తెగిపోతుంది.

2024 ఏప్రిల్‌లో పిట్లోక్రీ దగ్గర లిన్ ఆఫ్ టమ్మెల్ అనే చోట మన తెలుగు పిల్లలు ఇద్దరు నీళ్ళలో పడి చనిపోయారు. డండీలో చదువుకోవడానికి వచ్చినవాళ్ళు. మీలాగే స్నేహితులతో సరదాగా నడవడానికి వెళ్ళారు. ఆ వార్త వచ్చిన రోజు వార్డులో పని చెయ్యలేకపోయాను. మీ మూడో రోజు దారి ఆ పక్కనుంచే. వెళ్ళొద్దని చెప్పను, ఆ అడవీ ఆ నదీ చాలా అందంగా ఉంటాయి. కానీ జలపాతం పక్కన రాళ్ళు ఎప్పుడూ తడిగా, నాచుపట్టి ఉంటాయి. దారి దిగి వాటి మీద నిలబడకండి. ఫొటో తీసేవాడు 'ఇంకొంచెం వెనక్కి' అనకూడదని ఆరుగురూ ముందే అనుకోండి.

ఎవరైనా పడిపోతే మిగతావాళ్ళు దూకకూడదు. ఇది నాకు మాట ఇవ్వాలి నువ్వు. పడినవాణ్ణి వెల్లకిలా తేలమని అరవాలి, ఈదొద్దు, చెవులు మునిగేలా తల వెనక్కి వాల్చి ఒక్క నిమిషం ఊపిరి అదుపులోకి వచ్చేదాకా తేలమని. తాడు, కర్ర, ఖాళీ క్యాను, చున్నీ, ఏదుంటే అది విసరాలి. ఇంకొకడు 999కి ఫోన్ చెయ్యాలి. కొండ మీద ఏమైనా జరిగితే కూడా అదే నంబరు, పోలీసుని అడిగి మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పాలి. వాళ్ళు జీతం లేకుండా వచ్చే వలంటీర్లు, డబ్బు తీసుకోరు, కాబట్టి మొహమాటపడొద్దు. సిగ్నల్ సరిగా లేనిచోట మెసేజ్ అయినా వెళ్ళే అవకాశం ఉంటుంది, కానీ ముందే నమోదు చేసుకోవాలి. ఇప్పుడే నీ ఫోన్ నుంచి 999కి రిజిస్టర్ అని ఇంగ్లీషులో మెసేజ్ పెట్టు, వాళ్ళు అడిగినదానికి జవాబివ్వు. ఆరుగురి చేతా చేయించు.

బెన్ నెవిస్ ఎక్కుతామన్నారు. ఈసారికి వద్దు. 1,345 మీటర్లే కదా అనిపిస్తుంది, కానీ మొదలుపెట్టేది దాదాపు సముద్ర మట్టం నుంచే. వెళ్ళి రావడానికి ఏడెనిమిది గంటలు. మేలో పైన ఇంకా మంచు ఉంటుంది, మబ్బు కమ్మితే దారి కనబడదు, పక్కనే లోయలు. స్నీకర్లతో, జీన్స్‌తో ఎక్కే కొండ కాదు. జీన్స్ తడిస్తే ఆరదు, ఒంట్లో వేడంతా లాగేస్తుంది. రెండు పొరల బట్టలు, పైన వాన ఆపే జాకెట్, ఒక జత మేజోళ్ళు ఎక్కువ. గడ్డిలో నడిచి వచ్చాక రాత్రి మోకాళ్ళ వెనక, నడుం దగ్గర చూసుకోండి, గోమారి లాంటి పురుగు పట్టుకుని ఉంటే పట్టకారుతో చర్మం దగ్గర పట్టి నిటారుగా లాగెయ్యాలి. సాయంత్రం గాలి లేనప్పుడు మిడ్జెస్ అనే సన్న దోమలు మొదలవుతుంటాయి, మందు కొనుక్కోండి.

రెండో రోజు పొద్దున గ్లెన్‌కోలో త్రీ సిస్టర్స్ దగ్గర ఆగండి. మూడు కొండలు మీద పడతాయేమో అన్నంత దగ్గరగా ఉంటాయి. 1692 ఫిబ్రవరి 13 తెల్లవారుజామున ఈ లోయలోనే, ఇళ్ళల్లో అతిథులుగా ఉండి అన్నం తిన్న సైనికులు ఆ ఇళ్ళవాళ్ళనే చంపారు. ఉప్పు తిన్న ఇంటికి చేసిన ద్రోహమని ఇక్కడివాళ్ళు ఈనాటికీ మర్చిపోలేదు. మధ్యాహ్నం గ్లెన్‌ఫినన్ వెళ్ళి ఇరవై ఒక్క కమానుల రైలు వంతెన చూడండి. పార్కింగ్ చాలా తక్కువ, దొరక్కపోతే దిగులు పడకుండా వచ్చెయ్యండి.

సాయంత్రం మాత్రం గ్లెన్‌కో లోఖన్‌కి తప్పకుండా వెళ్ళు. లోఖన్ అంటే చిన్న లోఖ్, మన కుంట అనుకో. దాని చుట్టూ ఉన్న చెట్లు స్కాట్లాండ్‌వి కావు. కెనడాలో సంపాదించి ఇక్కడ ఎస్టేట్ కొనుక్కున్న లార్డ్ స్ట్రాత్‌కోనా, తన భార్య కెనడా మీద బెంగ పెట్టుకుందని 1890ల్లో ఆ దేశపు చెట్లు తెప్పించి నాటించాడు. వచ్చిన కొత్తలో నేను అక్కడ కూర్చుని మీ అమ్మకి ఉత్తరం రాశాను. అరగంటలో చుట్టూ నడిచెయ్యచ్చు. మీరు మాత్రం రెండు గంటలు ఉండండి. బెంచీలున్నాయి.

గురువారం సాయంత్రం బండి తీసుకుని ముందు ఇంటికి రా. పులిహోర, పెరుగన్నం, కందిపొడి కట్టి ఇస్తాను, రెండు ఫ్లాస్కులు కూడా. బాబాయి ఇరవై మీటర్ల తాడు కొని దానికి తేలే బుడ్డి కట్టి పెట్టాడు, అది డిక్కీలో సామాన్లన్నిటికీ పైన ఉండాలి, అడుగున కాదు. మీ అమ్మకి నేనే ఫోన్ చేసి చెబుతాను, నువ్వు రోజూ రాత్రి చేరగానే నాకు ఒక్క మెసేజ్ పెట్టు.

పిన్ని