వైరల్ జ్వరంతో ఆసుపత్రిలో చేరగానే క్రియాటినిన్ టెస్ట్ ఎందుకు రాస్తారు? వైరస్ కిడ్నీలకు పాకినట్టా?

పాకిందని కాదు, జబ్బు ఒళ్లంతటినీ ఎంత దెబ్బతీస్తోందో కిడ్నీలను చూస్తే తెలుస్తుందని రాస్తారు. క్రియాటినిన్ అంటే కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం. రక్తంలో అది పెరిగినవాళ్లకు ఐసీయూ అవసరం, ప్రాణాపాయం రెండూ ఎక్కువే. కోవిడ్‌లోనూ డెంగీలోనూ ఇదే కనిపించింది.

గుండె పంప్ చేసే రక్తంలో దాదాపు అయిదో వంతు కిడ్నీలకే వెళ్తుంది. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినా, డెంగీలో రక్తనాళాల నుంచి ప్లాస్మా (రక్తంలోని ద్రవ భాగం) బయటికి కారి బీపీ పడిపోయినా ఆ వాటాకి కోత పడుతుంది. దానిమీద ఒళ్లునొప్పులకని డైక్లోఫెనాక్ అనే నొప్పిమందు ఇంజెక్షన్ పొడిపించుకుంటే కిడ్నీలకు రక్తం ఇంకా తగ్గుతుంది, చెప్పక్కర్లేదు.

అమలాపురం వైపు అరవై ఏళ్ల కొబ్బరి దింపు కార్మికుడు ఒకాయన ఉన్నాడనుకోండి. ఎప్పుడూ 0.8 ఉండే క్రియాటినిన్, డెంగీతో చేరిన రోజు 1.3. చాలా ల్యాబుల కాగితం మీద అది నార్మలే. ఆయన లెక్కన మాత్రం ఒకటిన్నర రెట్లు దాటేసింది. పాత రిపోర్టు ఇంట్లో ఉంటే పట్టుకెళ్లమనేది అందుకే, అది మడతలుపడి చిరిగిందైనా సరే.

"క్రియాటినిన్ పెరిగిందా, ఇక డయాలసిస్సే" అనుకోవడం పొరపాటు. నీరు, బీపీ సకాలంలో సరిచేస్తే చాలామందిలో కొద్ది రోజుల్లోనే దిగుతుంది. అలాగని డెంగీలో సెలైన్ ఇష్టమొచ్చినంత ఎక్కించేదీ కాదు. ఇక కోనసీమలో జ్వరమంటే బొండాం నీళ్లు ఉండాల్సిందే కదా! మామూలుగా మంచివే. మూత్రం బాగా తగ్గిన రోగికి మాత్రం అందులోని పొటాషియం గుండె లయనే తప్పించొచ్చు, డాక్టర్ని అడక్కుండా పట్టకండి.