పాత పికప్ ఛాసిస్‌కు కొత్త తొట్టిని వెల్డింగ్ చేయించవచ్చా?

వద్దు, బోల్టులతోనే బిగించండి. వెల్డింగ్ అయితే త్వరగా అయిపోతుందని విజయవాడ ఆటోనగర్‌లో ఎవరైనా చెప్పినా ఒప్పుకోకండి. గతుకుల్లో ఛాసిస్ కొద్దిగా మెలితిరుగుతుంది, తిరగాలి కూడా. తొట్టిని నేరుగా అతికిస్తే ఆ ఒత్తిడంతా అతుకు దగ్గర చేరి, పగులు అక్కడే మొదలవుతుంది. ఏళ్ల తరబడి నిలిచిన పాత ఛాసిస్‌ను అలా పాడు చేసుకోవడం అన్యాయం.

ముందు తుప్పు గీకించి, పగుళ్లున్నాయేమో చూడండి. బిగింపుకు కంపెనీ రంధ్రాలే ఉత్తమం. కొత్తవి తప్పనిసరైతే చానల్ (ఛాసిస్ పొడవునా ఉండే ఇనుప దూలం) నిలువు భాగంలోనే వేయించండి. బరువుకు వంగే ఒత్తిడి ఎక్కువగా పడేది పై, కింది అంచుల మీద కాబట్టి వాటిని ముట్టుకోనివ్వకండి. తొట్టికీ ఛాసిస్‌కూ మధ్యలో గట్టి రబ్బరు ప్యాకింగ్ పెట్టించండి. బోల్టులన్నీ వదులుగా ఎక్కించి, క్యాబిన్ వెనక సందు రెండు వైపులా సమానంగా ఉందని, బ్రేకు పైపులు నలగలేదని చూశాకే బిగించాలి. కొన్నాళ్లు తిరిగాక రబ్బరు అణిగి నట్లు వదులవుతాయి, మళ్లీ బిగించండి.

తొట్టి రకం మారుతుంటే మాత్రం పని మొదలుపెట్టకముందే రవాణా శాఖ కార్యాలయంలో అడగండి. ఆర్‌సీ వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నియంత్రిస్తుంది.