ముందు బంపర్ కింద వేలాడే ఆ ప్లగ్గు దేనికి?

ప్రశ్న: అన్నా, మాది జడ్చర్ల దగ్గర పల్లె. ఈ ఎండాకాలంలోనే కెనడాలోని విన్నిపెగ్ వచ్చాను. పాత కారు ఒకటి కొన్నాను. దాని ముందు బంపర్ కింద కరెంటు ప్లగ్గు ఒకటి వేలాడుతోంది. ఆయిల్ మార్పిద్దామని షాపుకు పోతే రేడియేటర్ పైపులు కూడా మార్చాలని పెద్ద బిల్లు చెప్పారు. నిజంగానే మార్చాలా, కొత్తవాణ్ణని చెప్తున్నారా? ఆ ప్లగ్గుతో నాకేం పని?

తమ్ముడూ, నువ్వు అడిగిన రెండూ ఒకే సంగతి. ఆ పైపుల్లో తిరిగే కూలెంట్‌నే, అంటే ఇంజిన్ వేడిని లాగే ద్రవాన్నే, ఆ ప్లగ్గు వేడి చేస్తుంది. నవంబర్ రాకముందే రెండూ చూపించుకో.

మన పాలమూరు, నల్లగొండల్లో రేడియేటర్ అంటే ఎండ గుర్తొస్తుంది. మే నెలలో నార్కట్‌పల్లి దాటాక రోడ్డు పక్కన లారీ ఆపి, తడి గోనెసంచితో మూత పట్టుకుని తిప్పే క్లీనర్లను చూసే ఉంటావు. పక్క హోటల్లో బకెట్టు నీళ్ళు అడిగి పోసుకుంటే బండి మళ్ళీ కదిలేది. అక్కడ అది నడిచింది. ఇక్కడ ఒట్టి నీళ్ళు పోస్తే సున్నా డిగ్రీలకే గడ్డకట్టి, ఉబ్బి, ఇంజిన్ బ్లాకునే పగలగొడతాయి. జనవరిలో విన్నిపెగ్‌లో మైనస్ 30 వింతేమీ కాదు.

అందుకే కూలెంట్ పాళ్ళు ముందు చెప్తాను. సగం కూలెంట్, సగం నీళ్ళు కలిపితే సుమారు మైనస్ 37 దాకా గడ్డకట్టదు. 60 పాళ్ళు కూలెంట్, 40 పాళ్ళు నీళ్ళయితే మైనస్ 50 దాకా ఆగుతుంది. చలి ఎక్కువ కదా అని చిక్కటి కూలెంట్ మొత్తం పోసేవాళ్ళున్నారు. అది పొరపాటు. కూలెంట్‌లో ఉండే ఎథిలీన్ గ్లైకాల్ నీళ్ళు కలపకపోతే మైనస్ 13కే గట్టిపడుతుంది, వేడిని కూడా సరిగా లాగదు. నీ బండిలో ఇప్పుడు ఎంత పాళ్ళుందో చూసే చిన్న సాధనం ఏ విడిభాగాల షాపులోనైనా దొరుకుతుంది. రంగు చూసి కూలెంట్ కొనకు. పచ్చదైనా ఎర్రదైనా కంపెనీకో రకం. బండి మాన్యువల్‌లో రాసిందే పోయాలి, రెండు రకాలు కలపొద్దు.

నీళ్ళ విషయంలో ఇంకో మాట. మాది మునుగోడు వైపు. మర్రిగూడ, చండూరు ఊళ్ళలో బోరునీళ్ళలోని ఫ్లోరైడ్ మనుషుల ఎముకలను ఏం చేసిందో చూస్తూ పెరిగినవాళ్ళం. తేటగా ఉన్నంత మాత్రాన నీళ్ళు మంచివి కావని మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంజిన్‌ది వేరే బాధ. నీళ్ళలోని సున్నం, ఉప్పులు లోపల గార కట్టి సన్నటి గొట్టాలను మూసేస్తాయి. డిస్టిల్డ్ వాటర్ తెచ్చి కలుపు, లేదా ముందే కలిపి అమ్మే డబ్బా కొను.

ఇక పైపులు. రేడియేటర్ పైన ఒకటి, కింద ఒకటి లావుపాటివి ఉంటాయి. లోపల మనకు వెచ్చగాలి ఇచ్చే హీటర్‌కు పోయేవి సన్నవి రెండు. రబ్బరు పైపు ఎక్కువగా లోపలినుంచి పాడవుతుంది, అదీ పైపు చివర బిగించే క్లిప్పుకు రెండు అంగుళాల లోపు. పైకి నల్లగా నిగనిగలాడుతూనే లోపల సన్నగా చిట్లి ఉంటుంది. కాబట్టి కంటితో చూస్తే చాలదు. రాత్రంతా ఆగిన బండి బానెట్ ఎత్తి, క్లిప్పు పక్కన బొటనవేలు, చూపుడువేలుతో నొక్కు. తర్వాత అదే పైపును మధ్యలో నొక్కు. రెండుచోట్లా ఒకేలా, బిగువుగా తగలాలి. చివర మెత్తబడినా, నొక్కితే లోపల కరకరమన్నా, ఉబ్బినా ఆ పైపు పని అయిపోయినట్టే. క్లిప్పు చుట్టూ తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటే కూలెంట్ సన్నగా కారుతోందని గుర్తు. ఆయిల్ తగిలి జిగటగా మెత్తబడితే ముందు ఆ ఆయిల్ ఎక్కడినుంచి కారుతోందో చూడాలి, లేకపోతే కొత్త పైపుకీ అదే గతి.

బిల్లు సంగతికి వస్తే, షాపులో "ఏ పైపు పాడైంది, చూపించండి" అని అడుగు. అడిగితే ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు. చూపించి, నీ వేళ్ళకీ అలాగే తగిలితే మార్పించు. నాలుగైదేళ్ళు దాటిన పైపులను ఏటా చూడాలి. కూలెంట్ ఎలాగూ మార్చేటప్పుడే పైపులు, క్లిప్పులు కూడా మారిస్తే కూలీ ఒక్కసారితో పోతుంది. క్లిప్పుల్లో బండితో వచ్చిన స్ప్రింగు రకాన్నే ఉంచమను. చలికి రబ్బరు బిగుసుకుని సన్నబడినప్పుడు అది తానే ఇంకాస్త పట్టుకుంటుంది. స్క్రూ క్లిప్పులు మైనస్ 30లో కారి, ఇంజిన్ వేడెక్కగానే ఆగిపోతుంటాయి.

మార్చాక లోపల గాలి మిగలకూడదు. లోపలి హీటర్ ఫుల్ వేడి మీద పెట్టి, మెల్లగా నింపి, గాలి పోనివ్వాలి. తర్వాతి రెండు మూడు రోజులు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ డబ్బాలో మట్టం చూసుకో. ఆగి ఉన్నప్పుడు హీటర్‌లో చల్లగాలి, కదిలితే వెచ్చగాలి వస్తే కూలెంట్ తగ్గిందనో, గాలి చేరిందనో అనుమానించాలి. బండి లోపల తియ్యటి వాసన, అద్దం మీద జిడ్డు పొగమంచు కనిపిస్తే లోపలే కారుతోంది.

ఇప్పుడు ఆ ప్లగ్గు. అది బ్లాక్ హీటర్‌ది, అంటే చలిలో ఇంజిన్ తేలిగ్గా స్టార్ట్ అయ్యేలా ముందే వెచ్చబెట్టే సాధనానిది. నార్త్ డకోటాలోని గ్రాండ్ ఫోర్క్స్‌కు చెందిన ఆండ్రూ ఫ్రీమన్ అనే ఆయన ఇంజిన్‌ను వేడి చేసే ఇలాంటి సాధనానికి 1949లో పేటెంట్ పొందాడు. గ్రాండ్ ఫోర్క్స్ మీకు దక్షిణాన, సరిహద్దు దాటాక వచ్చే ఊరే. చిన్న కార్లలో చాలావరకు 400 నుంచి 600 వాట్ల ఎలిమెంట్ ఇంజిన్ కూలెంట్‌లో మునిగి ఉంటుంది. కొన్ని బళ్ళకు కింది రేడియేటర్ పైపును కోసి మధ్యలో బిగించే రకం పెడతారు. అలాంటిదైతే రెండు క్లిప్పులు పెరిగినట్టు, అవి కూడా చూసుకోవాలి. ఏ రకమైనా కూలెంట్ లేకుండా ప్లగ్గు పెడితే ఎలిమెంట్ కాలిపోతుంది.

ఎక్కువగా పోయేది ఎలిమెంట్ కాదు, తీగ. పిన్నులు నల్లబడ్డాయా, తొడుగు పగిలిందా చూడు. మల్టీమీటర్ ఉంటే చదునైన రెండు పిన్నుల మధ్య నిరోధం కొలిచి చూడు. ఇక్కడి 120 వోల్టుల మీద 400 వాట్లదానికి సుమారు 36 ఓమ్‌లు, 600 వాట్లదానికి 24 రావాలి. ఏమీ చూపకపోతే మాత్రం వెంటనే టెన్షన్ పడకు. కొన్ని తీగల్లోనే థర్మోస్టాట్, అంటే చలిని బట్టి కరెంటు కలిపే స్విచ్చు, ఉంటుంది, సుమారు మైనస్ 18కి దిగితేగాని అది కలవదు. ఎక్స్‌టెన్షన్ తీగ బయట వాడే, చలికి బిరుసెక్కని, మూడు పిన్నుల రకమే కొను. ఇంట్లో వాడే సన్న తీగ వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది.

రాత్రంతా పెట్టి ఉంచనక్కర్లేదు. బయల్దేరడానికి రెండు మూడు గంటల ముందు ఆన్ అయ్యేలా టైమర్ పెట్టు. 400 వాట్లది మూడు గంటలకు 1.2 యూనిట్లు తింటుంది, పది గంటలకు 4 యూనిట్లు. పొద్దున ప్లగ్గు తీయడం మరిచి బండి లాగేస్తే తీగ తెగుతుంది. ఇక్కడివాళ్ళు తీగను డ్రైవర్ వైపు అద్దానికి ఒక చుట్టు తగిలించుకుంటారు, నువ్వూ అలా అలవాటు చేసుకో.

ఇంజిన్ వేడిమీద ఉన్నప్పుడు రేడియేటర్ మూత ఎప్పుడూ తీయకు. తడి గుడ్డ, గోనెసంచి ధైర్యం ఇక్కడ వద్దు, ఒత్తిడికి మరిగే కూలెంట్ మొహాన ఎగజిమ్ముతుంది. కారిన కూలెంట్‌ను వెంటనే తుడువు. తియ్యగా ఉంటుంది కాబట్టి పిల్లలు, కుక్కలు నాకితే ప్రాణం మీదకు వస్తుంది. పాతదాన్ని మోరీలో పోయకుండా మూత బిగిసే డబ్బాలో పట్టి, మీ ఊరి ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలో ఇచ్చెయ్.