చూరు సంగతి ముందు చూడు

చిరంజీవి అమ్మడుకి,

బారువ దగ్గర కొబ్బరి తోటలో అతిథుల కోసం కాటేజీలు కడుతున్నావని మీ అమ్మ చెప్పింది. మన చుట్టిల్లు ఆకారంలో గీశావట. గర్వంగానే ఉంది, కానీ బొమ్మ చూశాక నిద్ర పట్టలేదు.

సముద్రపు పోటు గీత నుంచి దూరం కొలిపించి, కోస్టల్ జోన్ అనుమతి చేతికొచ్చాకే ముగ్గు పొయ్యి. కాంక్రీటులో సముద్రపు ఇసక వద్దు, ఉప్పు కమ్మీని తినేస్తుంది.

ఇక చూరు. గది మీది వాసాల్నే ఆరడుగులు ముందుకు సాగదీసి వసారా చేశావు. పాత తప్పు అదేనమ్మా, చదువుకున్నవాళ్లూ చేస్తారు. గోడకి తగిలిన గాలి పైకి లేచి చూరు కింద చిక్కుకుని తోస్తుంది. కప్పు మీదుగా పోయే గాలి పైనుంచి లాగుతుంది. వసారా లేచిందంటే, వాసం ఒకటే కాబట్టి, గది కప్పునీ పట్టుకుపోతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరిచెట్లే వేళ్లతో లేచిపోయాయి. నీ మేకులెంత?

గది చూరు అడుగున్నర దాటనివ్వకు. వసారాకి వేరే వాసాలు, వేరే స్తంభాలు పెట్టు. పోతే అదొక్కటే పోవాలి. వాలు 30 డిగ్రీలకి దగ్గరగా ఉంచు. గోడల మీద చుట్టూ బీము పోసేటప్పుడే వాసాన్ని పట్టి ఉంచే లోహపు పట్టీ వాసానికొకటి అందులో పాతించు. "తర్వాత మేకులు కొట్టేద్దాం" అంటాడు మేస్త్రీ, ఒప్పుకోకు. పట్టీలు, బోల్టులు స్టెయిన్‌లెస్‌వే కొను. పైన తాటాకు పరిచినా సరే, ఆకు పోతే పోయింది, చట్రం నిలవాలి.

చుట్టిల్లు ఎందుకు నిలిచేదనుకున్నావు? గోడ గుండ్రం, చూరు వంగి దూరేటంత కిందికి ఉంటుంది, కిటికీ దాదాపు ఉండదు. గాలికి పట్టు దొరకదు. నువ్వేమో ఆకారం తీసుకుని, సముద్రం వైపు పదడుగుల అద్దం పెట్టావు! అది పగిలితే గాలి లోపల దూరి కప్పుని ఎత్తేస్తుంది. అద్దం చిన్నది చెయ్యి, బయట గడియలతో దళసరి చెక్క తలుపులు పెట్టించు. కోప్పడుతున్నాననుకోకు.

బీచి వైపు లైట్లు కిందికే చూడాలి. ఆ ఇసకలో పుట్టిన తాబేలు పిల్లలు వెలుగునే సముద్రమనుకుని అటు పాకుతాయి.

మేస్త్రీకి పంపేముందు చూరు దగ్గర అడ్డకోత బొమ్మ పెద్దదిగా గీసి నాకు పంపు. కొత్త కళ్లజోడు వచ్చింది, సన్నగీతలు కూడా కనిపిస్తున్నాయి.

మీ పెదనాన్న